జీతం చీటీలో 124 రూపాయలు

యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో ఆఖరిసారి మందులు తీసుకున్నది 2023 మే నెలలో. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి పరీక్ష రాసేశాను. పరుపూ బకెట్టూ జూనియర్లకి ఇచ్చేసి, సామాను ఆటోలో వేసి, గేటు దగ్గర ఆటోని ఆపి మరీ పరిగెత్తాను. ఫార్మసీ కిటికీలో ఉండే సిస్టర్ నా కార్డు చూసి, "అయిపోయిందా చదువు?" అంది. అయిపోయిందన్నాను. మామూలుగా నెలకి సరిపడా ఇచ్చేవారు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి రెండు నెలలకి లెక్కపెట్టి ఇచ్చింది. "బయట ఎక్కడ చూపించుకుంటావో ఏటో, ఉంచు" అంది.

లిథియం 300, పొద్దున ఒకటి, రాత్రి రెండు. అంటే 180 బిళ్ళలు. రాత్రికి క్వెటియాపిన్ 100 ఒకటి, అవి 60. కాగితం కవర్లో వేసుకుని ఆటో ఎక్కాను. యూనివర్సిటీలో ఉన్నంత కాలం ఈ మందుల ధరెంతో నాకు తెలీదు. తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

నాకున్నది బైపోలార్, మనసు కొన్నాళ్ళు అదుపు లేకుండా పైకి ఎగిరి, కొన్నాళ్ళు కిందికి కుంగే జబ్బు. మా ఇంట్లో ఆ మాట వాడరు. అమ్మ "ఆ నిద్ర జబ్బు" అంటుంది. ఒక రకంగా అదే సరైన పేరు. మొదటి ఏడాది రెండో సెమిస్టర్‌లో ఎనిమిది రాత్రులు నిద్రపోలేదు. అలసటే లేదు. హాస్టల్ గది గోడ నిండా స్కెచ్ పెన్నుతో రియాక్షన్ మెకానిజాలు రాశాను, అర్ధరాత్రి మా ప్రొఫెసర్‌కి వరసగా మెయిళ్ళు పెట్టాను, గదిలో ఇద్దరమ్మాయిలు భయపడి వార్డెన్‌ని పిలిచారు. హెల్త్ సెంటర్‌కి గురువారం గురువారం సైకియాట్రిస్ట్ వచ్చేవారు. ఆయన దగ్గరే మొదలైంది మందు. ఈలోగా బొబ్బిలి నుంచి అమ్మ వచ్చి దిష్టి తీసింది, తాయెత్తు కట్టింది, మందులు మాత్రం మానమనలేదు. "అదీ ఇదీ రెండూ చెయ్యి" అంది. ఇప్పటికీ తాయెత్తు ఉంది.

జూన్‌లో హైదరాబాద్ వచ్చాను. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఉద్యోగం. జీతం 16,500. అందులో పీఎఫ్ 1,080, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150, ఇంకో 124 రూపాయలు ఏదో పోగా చేతికొచ్చేది 15,146. ఆ "ఏదో" సంగతి తర్వాత చెప్తాను. మూసాపేటలో లేడీస్ హాస్టల్, ముగ్గురికి ఒక గది, నెలకి 6,500. ఇంటికి నాలుగు వేలు పంపాలి. నాన్న టైలరు. చూపు మందగించి ఈమధ్య జాకెట్లు తగ్గించేశారు, ప్యాంట్ల మరమ్మతులే చేస్తున్నారు.

నా పనేమిటంటే మాత్రలు పరీక్షించడం. బిళ్ళలో ఉండాల్సిన మందు ఉందా లేదా, నీళ్ళలో ఎంతసేపటికి కరుగుతుంది, ఇదంతా హెచ్‌పీఎల్‌సీ అనే మెషీన్ మీద చూసి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. రోజుకి వేల మంది మింగబోయే మాత్రలు నా చేతి మీదుగా వెళ్ళేవి. నా కవర్లో ఉన్నవి మాత్రం రోజుకి నాలుగు తగ్గిపోతూ వచ్చాయి. జులై ఆఖరుకి లిథియం స్ట్రిప్పు ఒక్కటి మిగిలింది.

గదిలో ఉండే అమ్మాయి చెప్పిన ప్రైవేటు పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఏసీ, మెత్తటి సోఫాలు, పేరు పిలిచే అమ్మాయి. డాక్టరు మంచాయనే. కానీ నా పాత చీటీని పెద్దగా చూడలేదు, మొదటి నుంచీ టెస్టులన్నీ మళ్ళీ చేయించమన్నారు. లిథియంని ఎక్కువసేపు పనిచేసే రకానికి మార్చారు, పైన ఒక విటమిన్ బిళ్ళ రాశారు. ఫీజు 900, టెస్టులు 2,850, మందులు 1,340. మొత్తం 5,090. పదిహేను రోజులకి మళ్ళీ రమ్మన్నారు. జీతంలో మూడో వంతు ఒక్క పూటలో అయిపోయింది. బయటికొచ్చి బస్టాపులో కూర్చుని లెక్క వేశాను. ఎన్నిసార్లు వేసినా కుదరలేదు. ఇంటికి పంపే నాలుగు వేలు ఆపితే కుదురుతుంది. ఎందుకు ఆపావంటే చెప్పాలి.

ఒక్కసారి మళ్ళీ వెళ్ళాను. ఆ తర్వాత మానేశాను.

మానేశానంటే మందులు కాదు, డాక్టర్ని. చీటీ పాతబడిందని మూసాపేటలో రెండు షాపుల వాళ్ళు ఇవ్వలేదు. వాళ్ళని తప్పు పట్టను, షెడ్యూల్ హెచ్ మందులు అవి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివి. మూడో షాపతను ఇచ్చాడు, అదీ రెండు స్ట్రిప్పులే. అక్కడి నుంచి పొదుపు మొదలుపెట్టాను. క్వెటియాపిన్ రోజు విడిచి రోజు. లిథియం రాత్రి మాత్రమే. నేనెవరిని? మందు మోతాదు హద్దు దాటి అటూ ఇటూ అయితే బ్యాచ్ ఆపేసే మనిషిని. నా ఒంట్లో మోతాదుని మాత్రం ఇంట్లో పంచదార డబ్బాలా చూసుకున్నాను, అడుగంటితే చెంచా తగ్గించినట్టు.

అక్టోబర్‌లో నైట్ షిఫ్టులు పడ్డాయి. వారం పగలు, వారం రాత్రి. నిద్ర ఎటూ లేదు. నవంబర్‌లో నాకు చాలా బావుంది. ఈ జబ్బులో మోసం అదే, మొదట బాగా ఉంటుంది. ఒక్కదాన్నే ముగ్గురి పని చేసేదాన్ని. బస్సులో పక్కవాళ్ళతో మాట్లాడి మాట్లాడి గొంతు పోయింది. మేనేజర్‌కి ల్యాబ్ ఎలా నడపాలో పదకొండు పేజీల మెయిల్ పెట్టాను. ఇప్పుడు చదివితే అందులో రెండు పేజీలు నిజంగానే పనికొచ్చేవి. ఒక రాత్రి ఆన్‌లైన్‌లో హార్మోనియం కొన్నాను. 8,200 రూపాయలు, వాయిదాల మీద. మా ఇంట్లో ఎవరికీ సంగీతం రాదు. నాకు సరిగమలు కూడా రావు. అది వచ్చిన రోజు హాస్టల్ ఆంటీ "ఇదెవరి పెట్టె?" అని అడిగితే గర్వంగా నాదే అన్నాను.

డిసెంబర్ మొదటి వారంలో కిందికి జారింది. జారడం ఎలా ఉంటుందో రాయను, రాయాలని లేదు. ఒక రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకి 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలుపెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మా ల్యాబ్ బాత్రూమ్ తలుపు మీద అంటించిన పోస్టర్లో చూశాను ఆ నంబరు.

ఎత్తినావిడ నన్ను ఏడవనిచ్చింది. తర్వాత ఒక్కొక్కటీ అడిగింది. ఎన్నాళ్ళ నుంచి నిద్ర లేదు, ఏ మందులు, ఎప్పటి నుంచి తగ్గించారు, ఇప్పుడు గదిలో ఒక్కరే ఉన్నారా, మీకేమైనా చేసుకోవాలనిపిస్తోందా అని కూడా సూటిగానే అడిగింది. చివరికి "మీరెక్కడుంటారు?" అంది. మూసాపేట అన్నాను.

"మీకు ఎర్రగడ్డ దగ్గరేగా అమ్మా?"

నేనేమీ మాట్లాడలేదు.

ఈ మౌనం సంగతి చెప్పాలి. చిన్నప్పుడు మా వైపు ఎవరైనా తిక్కగా మాట్లాడితే "చినవాల్తేరు పంపించేయాలి" అనేవాళ్ళం. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది అక్కడే. మా అన్నయ్య నన్ను రోజుకి పదిసార్లు పంపించేవాడు. నేను వాణ్ణి పంపించేదాన్ని. హైదరాబాద్ వచ్చాక మా ల్యాబ్‌లో అదే మాట ఎర్రగడ్డ పేరుతో వినిపించింది. క్యాంటీన్లో, బస్సులో, వాట్సాప్ గ్రూపులో, అందరి నోటా. నేను కూడా నవ్వేదాన్ని, నవ్వకపోతే ఎవరైనా కనిపెడతారేమోనని. మెట్రోలో అమీర్‌పేట వెళ్ళేటప్పుడు మూసాపేట తర్వాత భరత్‌నగర్, ఆ తర్వాత ఎర్రగడ్డ. ఆరు నెలలుగా ఆ స్టేషన్ మీదుగా వెళ్తూనే ఉన్నాను. ఆ పేరు వినపడినప్పుడల్లా ఫోన్లోకి చూసేదాన్ని.

మర్నాడు సెలవు పెట్టి వెళ్ళాను. మెట్రో దిగి ఆటో అతనితో "చెస్ట్ హాస్పిటల్ దగ్గర" అన్నాను. అది కూడా ఎర్రగడ్డలోనే. టీబీ అనుకున్నా ఫర్వాలేదనిపించింది.

అక్కడ దిగి, అటూ ఇటూ చూసి, నడిచి వెళ్ళాను. ఇనిస్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ అని బోర్డు. లోపల పెద్ద చెట్లు. నేను ఊహించుకున్న గొలుసులూ అరుపులూ ఏమీ లేవు. ఓపీ దగ్గర మామూలు ప్రభుత్వాసుపత్రిలో ఉండే జనమే. చీటీలు పట్టుకున్నవాళ్ళు, టిఫిన్ డబ్బాలు తెచ్చుకున్నవాళ్ళు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు. నా పక్కన మెదక్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఇరవై ఏళ్ళ కొడుకు. తెల్లారకముందే బస్సెక్కారట. "ఒక్కదానివే వచ్చినవా బిడ్డా?" అన్నాడు. అవునన్నాను. డబ్బా మూత తీసి జొన్నరొట్టె ముక్క చేతిలో పెట్టాడు. కొడుకు నాకేసి చూడకుండా, "మంచిగైతది, టైం పడ్తది" అన్నాడు. మూడేళ్ళుగా వస్తున్నారట.

నన్ను చూసింది పీజీ చేస్తున్న జూనియర్ డాక్టరు. నా వయసే ఉంటుంది. నలభై నిమిషాలు కూర్చోబెట్టి అడిగింది. పెద్దాసుపత్రిలో 900 ఇచ్చి కూడా ఎవరూ నన్ను అంతసేపు అడగలేదు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అంటే, లేదని చెప్పబోయి ఆగాను. మా చిన్నాన్న ఒకాయన నేను పుట్టకముందే ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. అంతకు ముందు నిద్రపోయేవాడు కాదని, ఊళ్ళో అందరికీ డబ్బులు పంచాడని నానమ్మ అనేది. నాకు ఆ రెండు విషయాలూ కలిపి చూడాలని ఆ రోజు దాకా తట్టలేదు. ఆమె రాసుకుంది.

తర్వాత పెద్ద డాక్టరు వచ్చారు. మందు పాతదే, నేను సొంతంగా తగ్గించుకున్నది మళ్ళీ పాత మోతాదుకి. ముందు రక్త పరీక్షలు. డాక్టరుకి ఫీజు లేదు. మందులు ఆసుపత్రి కిటికీలోనే ఇచ్చారు. కవరు తీసుకుని బయటికొచ్చి, ఆ గేటు దగ్గరే నిలబడి అన్నయ్యకి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావే?"

"ఎర్రగడ్డలో."

వాడు నవ్వాడు, జోకనుకుని. నేను నవ్వలేదు. తర్వాత వాడూ ఆపేశాడు.

ఇదేదో ధర్మం కింద చేసే మేలు కాదని తర్వాత తెలిసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్లో రాసి ఉంది. ప్రభుత్వం నడిపే చోట మానసిక వైద్యం పొందడం హక్కు అని, అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవి కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నుంచి పైస్థాయి ఆసుపత్రుల దాకా ఉచితంగా ఇవ్వాలని. 2018 మే నుంచి అమల్లో ఉంది. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను.

లిథియం గురించి కాస్త చెప్పాలి, ఇది నాకిష్టమైన భాగం. ఇంటర్లో ఆవర్తన పట్టికలో బట్టీ పట్టాం కదా, హైడ్రోజన్, హీలియం, లిథియం అని, ఆ మూడోదే. ఫోన్ బ్యాటరీలో ఉన్నదీ అదే లిథియం. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ఉన్మాదం ఉన్నవాళ్ళకి ఇచ్చి చూశాడు, తగ్గింది. మూలకం కాబట్టి పేటెంట్ ఎవరికీ లేదు, అందుకే చవక. మామూలు 300 బిళ్ళలు పది కలిపి బయట కొన్నా ఇరవై రూపాయల లోపే నాకు దొరికాయి. నేను రేషన్ పెట్టుకున్నది ఇరవై రూపాయల స్ట్రిప్పుని. ఆ ఇరవై రూపాయల స్ట్రిప్పు రాయించుకోవడానికి 900 పెట్టలేక.

కాకపోతే దీనికి కాపలా కావాలి. రక్తంలో లిథియం లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలన్నారు నాకు. తక్కువైతే పని చెయ్యదు, 1.5 దాటితే విషం. చేతులు వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం. ఆఖరి మోతాదు వేసుకున్న 12 గంటలకి రక్తం ఇవ్వాలి, అందుకే పరీక్ష రోజు పొద్దున బిళ్ళ వేసుకోకుండా వెళ్తాను, రక్తం ఇచ్చాక వేసుకుంటాను. మొదటిసారి నాది 0.3 వచ్చింది. నా పొదుపు ఫలితం అది. దాంతో పాటు థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూడాలి. థైరాయిడ్, క్రియాటినిన్ మా బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే ఉచితంగా చేశారు, తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద. లిథియం లెవెల్ బయట ల్యాబ్‌లో, 450 రూపాయలు. ఇప్పుడు మూడు నెలలకోసారి.

మూత్రపిండాలు లిథియంని చూసి సోడియం అనుకుంటాయి. ఒంట్లో నీళ్ళూ ఉప్పూ తగ్గితే ఉప్పుని పట్టి ఉంచాలని చూస్తాయి, దాంతో లిథియం కూడా ఒంట్లోనే ఉండిపోతుంది. కెమిస్ట్రీ చదివిన నాకు ఇది ఎవరో చెప్తేగానీ తట్టలేదు. అందుకే ఎండాకాలం నా బ్యాగులో నీళ్ళ సీసా ఉంటుంది, ఉప్పు మానేసే డైట్ల జోలికి వెళ్ళను. ఇంకొకటి, నెలసరి నొప్పికి నేను ఏ డైక్లోఫెనాకో, ఇబుప్రొఫెనో వేసుకునేదాన్ని. అవి లిథియంని పెంచుతాయి. డాక్టరు పారాసెటమాల్ చాలన్నారు. రెండేళ్ళు వేసుకున్నాక తెలిసింది ఈ సంగతి. మీరు లిథియం మీద ఉంటే మందుల షాపులో నొప్పి మాత్ర అడిగేటప్పుడు ముందు ఆ మాట చెప్పండి.

క్వెటియాపిన్ మాత్రం బ్రాండుది స్ట్రిప్పు వంద రూపాయల పైనే. అది కొన్నాళ్ళు జనఔషధి షాపులో కొన్నాను, సగం ధర కూడా కాలేదు. గదిలో అమ్మాయి "అవి పని చేస్తాయా, గవర్నమెంటువి?" అంది. ఈ ప్రశ్నకి సమాధానం నా ఉద్యోగం. మాత్రకి పేరు ఏదైనా, ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాల పుస్తకం, ప్రకారం పెట్టే పరీక్ష ఒకటే. లేబుల్ మీద రాసిన మందులో సాధారణంగా 90 నుంచి 110 శాతం మధ్య ఉండాలి, ఇంతసేపట్లో ఇంత కరగాలి. మా ప్లాంటులోనే పొద్దున ఒక కంపెనీ పేరుతో, సాయంత్రం ఇంకో పేరుతో అదే పొడి అదే మెషీన్ మీద బిళ్ళలవుతుంది. స్ట్రిప్పు మీద అట్ట మారుతుంది, నా సంతకం మారదు. అయినా ఒక జాగ్రత్త. ఒక కంపెనీది పడ్డాక ఊరికే నెల నెలా మార్చకపోవడం మంచిది, ముఖ్యంగా లిథియంలో మామూలు రకానికీ, ఎక్కువసేపు పనిచేసే రకానికీ తేడా ఉంది. మార్చాలంటే డాక్టరుకి చెప్పి.

ఇక ఆ 124 రూపాయలు.

ఫిబ్రవరిలో అనుకుంటా, ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే ఒక అక్క క్యాంటీన్‌లో నా మందుల కవర్ చూసింది. సంగారెడ్డి ఆమె, ఏదీ దాచుకోదు, ఏదీ దాచుకోనివ్వదు. "సర్కారు దవాఖానల ఎందుకు నిలబడుతున్నవ్? జీతంల ఈఎస్ఐ కట్ అయితలేదా నీకు?" అంది. చీటీ తీసి చూస్తే అదే. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, 124. నెల నెలా కోస్తున్నారు. 21,000 లోపు జీతం ఉన్నవాళ్ళకి, పది మంది గానీ ఆ పైన గానీ పనిచేసే కంపెనీల్లో, జీతంలో 0.75 శాతం మన దగ్గర, 3.25 శాతం యజమాని దగ్గర తీసుకుంటారు. 16,500కి లెక్క వేస్తే 123 రూపాయల 75 పైసలు, పైకి సర్ది 124. నేను మొదటి జీతం నుంచీ కడుతున్నాను. పెద్దాసుపత్రిలో 5,090 కట్టిన రోజు కూడా నాకు ఆ కార్డు ఉంది, హెచ్ఆర్ డ్రాయర్లో.

సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో సైకియాట్రీ ఉంది. మెట్రోలో ఎర్రగడ్డ తర్వాత స్టేషన్ పేరే ఈఎస్ఐ హాస్పిటల్. ముందు మన డిస్పెన్సరీలో చూపించుకోవాలి, అక్కడ రెఫర్ చేస్తే ఆసుపత్రికి. ఇ-పహచాన్ అనే ఈఎస్ఐ గుర్తింపు కార్డు ప్రింటు, ఆధార్, ఫోటోలు తీసుకెళ్ళండి. హెచ్ఆర్‌లో కుర్రాడిని ఆ ప్రింటు కోసం నేను నాలుగుసార్లు అడగాల్సి వచ్చింది. ఎందుకని వాడు అడిగాడు. థైరాయిడ్ అన్నాను. అబద్ధమే. అంతకు మించి ధైర్యం అప్పటికి లేదు.

జబ్బు సెలవులకి కూడా డబ్బు ఇస్తారక్కడ. అర్హత ఉంటే ఏడాదికి 91 రోజుల దాకా, జీతంలో 70 శాతం. అమ్మా నాన్నా మన మీద ఆధారపడి, వాళ్ళ ఆదాయం నెలకి 9,000 దాటకపోతే వాళ్ళ పేర్లూ చేర్చొచ్చు. చేర్చాను. జీతం 21,000 దాటితే ఇదంతా ఉండదు. ఇంక్రిమెంట్ లెటర్ చూసి భయపడే మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను మా ల్యాబ్‌లో. ఇప్పుడు 19,200.

అన్నయ్య మాత్రం ఇన్సూరెన్స్ తీసుకోమంటాడు. అదే 2017 చట్టం ఇన్సూరెన్సు కంపెనీలు మానసిక జబ్బుకీ ఒంటి జబ్బుకీ తేడా చూపకూడదంటోంది, నిజమే. కానీ నా ఖర్చంతా ఓపీలోనే, డాక్టరూ పరీక్షలూ మందులూ. మామూలు పాలసీలు ఆసుపత్రిలో పడుకుంటేనే ఇస్తాయి. నేను పడుకోకూడదనే కదా ఈ తిప్పలన్నీ.

నైట్ షిఫ్టుల సంగతి కూడా తేల్చుకోవాల్సి వచ్చింది. ఈ జబ్బుకి నిద్ర తప్పడం నిప్పు మీద కిరసనాయిలు. డాక్టరు ఒక చీటీ రాసిచ్చారు, "వైద్య కారణాల వల్ల పగటి షిఫ్టు మాత్రమే" అని. జబ్బు పేరు రాయలేదు, నేనడిగితే రాయక్కర్లేదన్నారు. మేనేజర్ ఆ చీటీ చూసి, నా మొహం చూసి, "పదకొండు పేజీల మెయిల్ అమ్మాయివి నువ్వేగా?" అన్నారు. అవునండీ అన్నాను. జనరల్ షిఫ్టులో వేశారు. ఆయనకి అర్థమైందో లేదో నాకిప్పటికీ తెలీదు. నైట్ అలవెన్సు పోయింది. పోతే పోయింది.

ఈ ఏడాది సంక్రాంతికి ఇంటికెళ్తూ మందుల కవరు హాస్టల్‌లోనే మర్చిపోయాను. రైలు దిగాక చూసుకుంటే లేదు. లోపల దడ పుట్టింది. ఫోన్లో పాత చీటీ ఫోటో ఉంది కాబట్టి రెండు రోజులు బొబ్బిలిలో షాపు నుంచి గడిచింది. పండగ సెలవులు అయిపోగానే అన్నయ్య "పద, విశాఖపట్నం పోదాం" అన్నాడు. పొద్దున్నే రైలెక్కాం. చినవాల్తేరు. లోపలికి వెళ్ళేటప్పుడు వాడు నాకంటే ముందు నడిచాడు, ఓపీ చీటీ వాడే రాయించాడు, క్యూలో నిలబడి అటెండర్‌తో ఊరి పేర్లు కలుపుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీ తాగుతూ, "చిన్నప్పుడు నిన్ను ఇక్కడికి ఎన్నిసార్లు పంపించానో" అన్నాడు. "నేనూ పంపించాను కదరా" అన్నాను. ఇద్దరం నవ్వాం. వాడి కళ్ళు కాస్త ఎర్రబడ్డాయి, టీ వేడిగా ఉందన్నాడు.

అమ్మ ఇప్పుడు ఫోన్ చేస్తే మొదటి మాట "బిళ్ళ ఏసుకున్నావేటే?" రెండోది "పడుకున్నావేటే?" మూడోది పెళ్ళి. మూడోదానికి డాక్టరు ఇచ్చిన సమాధానం చెప్పాను. పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లల్ని కనాలనుకుంటే మాత్రం ముందే వచ్చి మాట్లాడాలి, లిథియం గురించి అప్పుడు చూడాలి అన్నారు. అమ్మ కాసేపు ఊరుకుని, "అయితే అబ్బాయికి ముందే చెప్పాలన్నమాట" అంది. చెప్పాలమ్మా అన్నాను. "సరే, చెప్పేవాణ్ణే చూద్దాం" అంది. అంటే ఏమిటో నాకర్థం కాలేదు, ఆవిడకి అర్థమైనట్టే ఉంది.

మొన్న లెవెల్ 0.7. డిస్పెన్సరీకి వెళ్ళే రోజు మళ్ళీ 18న.

హార్మోనియం ఇంకా మంచం కిందే ఉంది. వాయిదాలన్నీ కట్టేశాను. ఆ డబ్బుతో పద్దెనిమిది లిథియం పరీక్షలు చేయించుకోవచ్చని లెక్క వేసి మరీ బాధపడ్డాను. మూసాపేట, కూకట్‌పల్లి చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే 5,000కి ఇచ్చేస్తాను. కొత్తదే, ఎవరూ వాయించలేదు. ఎడమ వైపు నుంచి నాలుగో మెట్టు నొక్కితే కాస్త కీచుమంటుంది, అది ముందే చెప్తున్నాను.